గంపలో ఊరు

మా వెలగకోనలో ఫోన్లు మనుషుల దగ్గర ఉండవు. కోన తూర్పు అంచున, గుండు అనే రాతిగుట్ట మీద, ఓబుళమ్మ గంపలో ఉంటాయి.

చుట్టూ బండకొండలు, మధ్యలో గిన్నె అడుగంత నేల. ఆ అడుగున ఊరు, చేలు, నేను పాఠాలు చెప్పే బడి. కింద ఎక్కడా సిగ్నల్ రాదు. గుండు ఎక్కితే వస్తుంది. అందుకని తెల్లారగానే ఓబుళమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఫోన్లు పోగుచేసుకుంటుంది. గుండెక్కి, టార్పాలిన్ పట్ట కట్టిన నీడలో కూర్చుంటుంది. ఏ ఫోను మోగినా పాటను బట్టి అది ఎవరిదో పోల్చుకుంటుంది. ముందు తనే ఎత్తి మాట్లాడుతుంది. మనిషి అవసరమనుకుంటే పక్కన వేలాడే ఇనుప రేకును కొడుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో దరువు. పొద్దు వాలాక ఎవరి ఫోను వాళ్ళకి తిరిగి ఇస్తుంది. ఇంటికింత గింజ ఇస్తాం. చుట్టుపక్కల కోనలన్నిటిలోనూ ఇదే పద్ధతి.

పోయిన ఏడు చైత్రమాసంలో ఒక మధ్యాహ్నం ఆమె మా ఇంటి దరువు కొట్టింది. నేను గుండెక్కాను. మా అమ్మాయి సునంద సముద్రపు ఒడ్డునున్న నగరం నుంచి ఫోను చేసింది. అక్కడ ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఏవో మామూలు మాటలు మాట్లాడుకున్నాం. మధ్యలో కింద బండ సందుల్లోంచి చిలకలన్నీ ఒక్కసారి లేచాయి. మా తలల మీదుగా కొండ దాటిపోయాయి.

"చిలకలు వెళ్ళిపోతున్నాయమ్మా. చూడటానికి ఎంత బాగుందో" అన్నాను.

నేను కిందికి దిగేసరికి నా భార్య వనజ ఇంటి వెనక బండ మీద పడి ఉంది. వడియాలు ఎత్తడానికి వెళ్ళింది. చీరకొంగులో సగం వడియాలున్నాయి. ఆసుపత్రిలో వడదెబ్బ అన్నారు. ఆ రోజు మా కోనలో మరో ఇద్దరు పోయారు. ఎండాకాలంలో వడదెబ్బ తగలడం వింత కాదు కనక ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ వడియాల డబ్బా ఇంకా అటక మీదే ఉంది.

*

సునంద వాళ్ళు కనిపెట్టిన వస్తువు మా ఇంట్లో ఒకటి ఉండేది. వాళ్ళమ్మకు తెచ్చిచ్చింది. అరచేతంత నల్లటి పలకలు రెండు. వాటి మధ్య తీగ ఉండదు, గొట్టం ఉండదు. ఒకదాన్ని మజ్జిగ కుండ కింద పెట్టింది. రెండోదాన్ని పెరటి గోడ మీద పెట్టింది. కాసేపటికి కుండ చెమ్మగిల్లింది. గోడ మీది పలక చెయ్యి పెట్టలేనంతగా కాలింది. ఇక్కడ తీసిన వేడి అక్కడ తేలుతుంది, ఎంత దూరంలో ఉన్నా సరే.

"వేడి మాయమవ్వదమ్మా, చోటు మారుతుందంతే. రెండో పలకని ఎక్కడో ఒక చోట పెట్టక తప్పదు" అంది సునంద.

"పెట్టేముందు చూసుకున్నావా? ఆ గోడ మీద పిల్లి పడుకుంటుంది" అంది వనజ.

ముగ్గురం నవ్వుకున్నాం. వనజ ఆ పలకని గోడ మీంచి తీసి, పిల్లి ఎక్కలేని చోట పెట్టింది.

పెద్ద పలకలు ఆ నగరం నుంచి రేవు దాకా ఫ్యాక్టరీల కప్పుల మీద పరిచారు. దాన్ని కారిడార్ అంటారు. అంతకుముందు వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ పని ఆగిపోయేది. ఇప్పుడు ఆగదు. పత్రికల్లో దేశపు ఆదాయం ఎంత పెరిగిందో మొదటి పేజీలో వేశారు. ఆ పెరుగుదలలో మా అమ్మాయి చెయ్యి ఉందని నేను తరగతిలో ఒకసారి చెప్పాను కూడా. రెండో పలకలు ఎక్కడ పెట్టారని నన్నెవరూ అడగలేదు. సముద్రంలో పెడితే ఉప్పు తినేస్తుందని, నిర్మానుష్యంగా ఉండే కొండల్లో పాతుతారని సునంద చెప్పింది. నిర్మానుష్యం అనే మాట విని నేను మా కోన గురించి ఆలోచించలేదు.

*

సంవత్సరీకానికి సునంద ముందురోజే వచ్చింది. ఒంటిపూట బడి నడుస్తోంది. నేను పదో తరగతికి జాతీయ ఆదాయం పాఠం చెబుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"దేశపు మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగిస్తే వచ్చేది తలసరి ఆదాయం" అన్నాను.

షాహీనా చెయ్యెత్తింది. "ఆ తలల్లో నా తల కూడా ఉంటాదా సార్?"

"ఉంటుంది."

"అయితే నా వాటా ఎవురి దగ్గర ఉండాది సార్?"

పిల్లలు నవ్వారు. సునంద కూడా నవ్వింది. బడి వదిలాక నాతో అంది, "అమ్మ పడిపోయిన చోటు చూస్తాను నాన్నా. పోయినేడు చూడలేకపోయాను."

బండ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె వంగి రాతి మీద చెయ్యి పెట్టింది. తర్వాత పక్కకి జరిగి, కాలితో మట్టి తోసింది. కింద గుండ్రటి ఇనుప మూత బయటపడింది. దాని మీద ఒక అంకె చెక్కి ఉంది.

"ఇది ఎవరు పెట్టారు?"

"నీళ్ళ సర్వే అన్నారు. నాలుగేళ్ళ కింద కొండ చుట్టూ తవ్వి పోయారు. ఇట్లాంటి మూతలు చాలా ఉన్నాయి."

ఆమె ఆ మూత మీది అంకెనే చూస్తూ కూర్చుంది. నేను ఎండ అన్నాను. ఆమె వినలేదు.

"ఇవి మా పలకలు నాన్నా" అంది చివరికి. "ఏ రోజు ఏ కోనలోకి వేడి వదలాలో చెప్పే లెక్క నేను రాసిందే. మనుషులున్న చోట వదలదు. అంత జాగ్రత్తగా రాశాను. ఈ అంకె గల కోనలో పగటిపూట ఒక్క మనిషీ ఉండడు. నాకు బాగా గుర్తు."

"ఈ కోనలోనా?"

"కోనలకు పేర్లు లేవు. అంకెలే."

"మనుషులున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది?"

అప్పుడే పైనుంచి రేకు మోగింది. ఎవరింటి దరువో. సునంద తలెత్తి గుండు వైపు చూసింది.

"ఫోన్లను బట్టి" అంది.

*

మేం గుండెక్కేసరికి ఓబుళమ్మ గంపలో చెయ్యి పెట్టి ఏదో ఫోను వెతుకుతోంది.

"యేం పాపా, చిక్కిపోయినావు! ఆడ సల్లగా ఉంటాదంట గదా, తిండి అరగదా?"

సునంద గంప ముందు కూర్చుంది. అందులో ఫోన్లు చింతపండు ఉండల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కో ఫోను చేత్తో తాకి చూసింది.

"నాకు తెలుసు కదా నాన్నా" అంది. "వారం వారం ఓబుళమ్మత్తతో మాట్లాడాకే కదా నీతో మాట్లాడేదాన్ని. మా ల్యాబులో ఈ రేకు సంగతి చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని. తెలిసీ లెక్కలో పెట్టలేదు. మా తెర మీద ఈ గుట్ట నిండా జనం. కింద ఖాళీ."

ఓబుళమ్మకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆమె విని, గంపను కొంచెం తన వైపు లాక్కుంది.

సునంద తన ఫోనులో ఏదో తెరిచి చూసింది. రేపు కారిడార్‌లో ఈ ఏటికల్లా పెద్ద ఎండ. పెట్టుబడుల సదస్సు కూడా రేపే. మధ్యాహ్నం వేడి వదిలే కోనల జాబితాలో మా కోన అంకే అన్నిటికంటే పైన ఉంది. పోయినేటికంటే రెట్టింపు వేడి.

ఆమె వాళ్ళ డైరెక్టరు పట్టాభిగారికి ఫోను చేసింది. నన్ను వినమని స్పీకరు పెట్టింది.

ఆయన గొంతు మర్యాదగానే ఉంది. వనజ సంగతి అంతా విన్నాడు. తర్వాత అన్నాడు, "సునందా, లెక్క మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. సదస్సయ్యాక కూర్చోబెడతాను, మాటిస్తున్నాను. ఈ ఒక్కరోజు మీ ఊరివాళ్ళని పైకి ఎక్కించుకోండి."

"మంచం మీద ఉన్నవాళ్ళున్నారు సార్. పశువులున్నాయి. ఒక్కపూటలో అందర్నీ ఎలా ఎక్కించను?"

"రేపు కారిడార్ ఆగిందంటే దేశం మొత్తం మీద దాని ప్రభావం ఉంటుంది. ఆ పెరిగిన ఆదాయమే రేపు మీ కోనలకు రోడ్డవుతుంది, టవరవుతుంది. నువ్వే ఈ మాట చెప్పేదానివి."

"చెప్పాను సార్" అంది సునంద.

ఫోను పెట్టేశాక మెడలోని ట్యాగ్ తీసి చేతిలో పట్టుకుంది. నీలం తాడు, చిన్న బిళ్ళ.

"మరమ్మతుకు మా సిబ్బంది కోనల్లోకి దిగుతారు. వాళ్ళ ప్రాణానికి ఫోన్లని నమ్మలేదు. ఈ బిళ్ళ దగ్గర్లో ఉంటే పలకలకే తెలుస్తుంది, వేడి ఆగిపోతుంది" అంది. "సిబ్బందికి ఒక పద్ధతి, ఊరికి ఒక పద్ధతి. రాసేటప్పుడు నాకు తేడా కనిపించలేదు."

"దాన్ని అక్కడినుంచి ఆపగలరా?"

"పట్టాభిగారు ఒక్కరే ఆపగలరు. ఆపితే నేను కింద ఉన్నానని తెలిసి ఆపాలి."

*

మర్నాడు పొద్దున్నే వనజకు పెట్టాల్సినవి పెట్టాం. అయ్యవారు త్వరగా ముగించారు. తర్వాత నేను ఇంటింటికీ తిరిగాను. చాలామంది ఎక్కారు. కొందరు ఎక్కలేదు. వేరుశనగ కళ్ళంలో ఉందన్నారు. గొర్రెలను వదిలి రామన్నారు. మంచం పట్టినవాళ్ళను మోయడానికి మనుషులు చాల్లేదు.

సునంద బండ మీద, ఆ ఇనుప మూత పక్కన కూర్చుంది. తల మీద వాళ్ళమ్మ తుండుగుడ్డ వేసుకుంది. నేను పక్కనే కూర్చున్నాను.

"నువ్వు పైకి వెళ్ళు నాన్నా."

"ఇక్కడే ఉంటాను."

"పట్టాభిగారు ఫోను చేస్తారు. ఎత్తి మాట్లాడటానికి పైన ఎవరో ఒకరు ఉండాలి. నేను ఇక్కడే కూర్చున్నానని చెప్పాలి."

"ఓబుళమ్మ ఉంది."

"ఓబుళమ్మత్తకు తోడు కావాలి."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పోయినేడు నేను పైన ఉండబట్టి బతికాను. ఈ ఏడూ అలాగే ఉండమంటోంది. ఆమె తల మీది గుడ్డ సరిచేసి లేచాను.

గుండు మీద నిలబడితే ఆమె నల్లటి చుక్కలా కనిపించింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. చిలకలు బండ సందుల్లోనే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను.

గంపలో సునంద ఫోను మోగింది. ఓబుళమ్మ నాకంటే ముందు ఎత్తింది. అది ఆమె అలవాటు. చెవి సరిగా వినపడదు కనక ఎప్పుడూ ఫోను స్పీకరు మీదే పెట్టుకుంటుంది.

"ఎవురు సార్? పట్టాభి సారా? ఆ, చెప్పండి."

"సునందగారిని పిలవండమ్మా."

"పిలిస్తే రాదు సార్. కిందుండాది. వాళ్ళమ్మ పడిపోయిన బండ మీదనే కూర్చోనుండాది."

"ఆమె ట్యాగ్ వల్ల వేడి ఆగిపోయింది. నేను ట్యాగ్ ఆపాలి. ఆమెని పైకి రమ్మని చెప్పండి."

"ఆపుకోండి సార్. నేనెందుకు వద్దంటా? కానీ ఒక్క మాట. ఆడపిల్ల కూర్చోనుండాదని మీకు చెప్పినాను. రేపు నాకు తెలీదు అనబాకండి."

అవతల ఎవరో వెనక ఏదో అడుగుతున్నారు. ఆయన గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి తగ్గి. "అమ్మా, మీ దగ్గర గుట్ట మీద చాలామంది జనం ఉన్నట్టు నాలుగేళ్ళుగా మాకు కనిపిస్తోంది."

"నా దగ్గర ఒక గంప ఉండాది సార్" అంది ఓబుళమ్మ.

నేను చెయ్యి చాపితే ఫోను నాకిచ్చింది. నా పేరు చెప్పాను. వనజ భర్తనని చెప్పాను. ఆయన ఊపిరి వినిపించింది. కింద నల్లటి చుక్క కదల్లేదు.

"ట్యాగ్ ఆపడం లేదు" అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

గుండు మీద కూర్చున్నాను. ఓబుళమ్మ నీళ్ళ చెంబు అందించింది. అప్పుడే తలెత్తి చూశాను. ఆకాశంలో చిలకలు. మా బండల్లోంచి లేచినవి కావు. ఉత్తరపు కొండ అవతలి నుంచి, గుంపులు గుంపులుగా, మా కోనలోకి వస్తున్నాయి.

వేడి మాయమవ్వదు, చోటు మారుతుందంతే.

"ఆ పక్క ముష్టికోన" అన్నాను. "వాళ్ళ ఫోన్లు కూడా గంపలోనే."

ఓబుళమ్మ లేచి రేకు అందుకుంది. ఏ ఇంటిదీ కాని దరువు మొదలుపెట్టింది. ఆగకుండా కొట్టింది. ఉత్తరపు కొండ మీద చాలాసేపటికి ఇంకో రేకు పలికింది. నేను రెండు చేతులూ ఎత్తి, పైకి పైకి అని ఊపాను. అంత దూరం ఎవరికి కనిపిస్తుంది? అయినా ఊపాను. తర్వాత ఆ కొండ వాలు మీద మనుషులు చీమల్లా కదలడం కనిపించింది.

*

ముష్టికోనలో నరసింహులు అనే ముసలాయన ఎక్కలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే నేనూ సునందా కొండ దాటి వెళ్ళాం. ఆయన్ని నేనెరుగుదును. ఆ ఊళ్ళో పనిచేసిన రోజుల్లో బడికి నీళ్ళ కుండ నింపేవాడు. ఇంటి ముందు జనం ఉన్నారు. ఆయన భార్య సంజమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. లోపల మంచం మీద నడుం పడిపోయిన కొడుకున్నాడు. ఇద్దరినీ మోసే బలం లేక, వాళ్ళు ముందు కొడుకుని ఎక్కించారట. తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది.

ఆ కొండ వాలు మా గుండుకంటే చాలా నిటారు.

సునంద సంజమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తానెవరో, ఏం చేసిందో చెప్పింది. పలకల సంగతీ, లెక్క సంగతీ, నిన్న తను మా కోనలో కూర్చోబట్టి ఇక్కడికి మళ్ళిందన్న సంగతీ. ఏదీ దాచలేదు. సంజమ్మ వింటూ ఉంది. ఎంత అర్థమైందో నాకు తెలియదు. చివరికి నా వైపు చూసింది.

"మీ కోనలో అందురూ బాగుండారా సార్?"

"బాగున్నారమ్మా" అన్నాను.

"పోనీలే" అంది.

సునంద లేచింది. మెడలోని ట్యాగ్ తీసింది. లోపలికి వెళ్ళి, ఆ కొడుకు మంచం పైన గోడకున్న మేకుకు తగిలించింది.

"ఇది మనిషి మెడలోనే ఉండాలేమో కదా?" అన్నాను.

"బిళ్ళ ఉంటే మనిషి ఉన్నట్టే అనుకుంటుంది" అంది. "ఫోను ఉంటే మనిషి ఉన్నట్టే అనుకున్నట్టు. ఆ తప్పూ నాదే. ఈ ఒక్కటీ పనికొస్తుంది."

"మరి మన కోన?"

"ఇవాళ వేడి మళ్ళీ మన కోనకే వస్తుంది. మనవాళ్ళు ఎక్కగలరు నాన్నా. వీళ్ళు ఎక్కలేరు."

ఒకే బిళ్ళ ఉంది. అలాంటి కోనలు ఇంకా ఎన్ని ఉన్నాయో అడగాలనిపించింది, అడగలేదు. దారిలో తనే ఆ మాట ఎత్తింది, ఒక్కో కోనకు ఒక్కో బిళ్ళ కావాలంది. ల్యాబులో తనతో పనిచేసేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ నడిచింది. ఎవరు తమ ట్యాగ్ తీసుకుని వస్తారో, ఎవరు రారో. వచ్చేవాళ్ళవి తక్కువ పేర్లు. పట్టాభిగారి పేరు రెండు వైపులా లెక్కపెట్టింది.

ఇంటికి రాగానే ఈసారి ఇల్లిల్లూ తిరిగి ఎక్కమని చెప్పనక్కర్లేకపోయింది. నిన్నటి రేకు అందరూ విన్నారు. మంచాలకు కర్రలు కట్టారు. గొర్రెల్ని ముందే తోలారు. కళ్ళంలోని వేరుశనగ ఉన్నది ఉన్నట్టే వదిలేశారు. షాహీనా వాళ్ళ అవ్వను వీపున వేసుకుని ఎక్కింది. నేను అటక మీంచి వడియాల డబ్బా దించి చంకలో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు. కింద వదలబుద్ధి కాలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఊరు ఊరంతా గుండు మీద, గుండు చుట్టూ, పట్టల కింద కూర్చుని ఉంది. కింద ఇళ్ళు, బడి, ఆరేసిన బట్టలు. బండ సందుల్లోంచి చిలకలు ఒక్కసారిగా లేచాయి. ఈసారి బాగుందని ఎవరూ అనలేదు.

సునంద గంప పక్కన కూర్చుని ఉంది. ఓబుళమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు మీ లెక్క సరిపోయిందిలే పాపా" అంది. "ఫోన్లూ మనుసులూ ఒక్కచోటే ఉండాము."